ఒకటో తేదీకి ఊరు చేరాలి

మే నెలలో నూజివీడు వెళ్లేవాళ్లు ఏ పని పేరు చెప్పినా నమ్మకండి. వెళ్లేది రసాల కోసమే. నేనూ అంతే. విజయవాడలో తెల్లారగట్ల బయల్దేరితే నున్న మార్కెట్ దగ్గరే బండి ఆగిపోయింది. రోడ్డుకి అటూ ఇటూ ట్రాక్టర్లు, లారీలు, ప్లాస్టిక్ ట్రేల దొంతరలు, వాటి మీదుగా వచ్చే సొన వాసన. ఆగిరిపల్లిలో కొండమీది శోభనాచలపతికి బండిలోంచే దండం పెట్టాను. మీర్జాపురం రాజావారు మద్రాసులో సినిమా సంస్థకి పెట్టుకున్నది ఈ దేవుడి పేరే. ఎన్టీ రామారావు మొదటిసారి తెరమీద కనపడిన ‘మనదేశం’ (1949) ఆ కుటుంబం తీసిన సినిమాయే. ఈ దారిన వచ్చినప్పుడల్లా నా మిత్రుడు ఈ కథ చెప్తాడు, నేను మొదటిసారి విన్నట్టు వింటాను.

అతనికి నూజివీడు అవతల ఆరెకరాల తోట ఉంది. సగం బంగినపల్లి, నాలుగు వరసలు చిన్న రసం, గట్టు వెంబడి కలెక్టరు కాయ. తోట మాత్రం ఈ ఏడు అతని చేతిలో లేదు. పూత మీదే గుత్తకిచ్చేశాడు. “పూత చూసి మురిసిపోయి ఆగితే పిందె నాటికి ఏడవాలి. తామర పురుగు వచ్చాక ఎవరికీ ధైర్యం లేదు” అన్నాడు. దారిలో రెండు మూడు చోట్ల పాత తోటలు కొట్టేసి ఆయిల్ పామ్ వేశారు. ఎర్రమట్టిలో వరసగా నిలబడ్డ ఆ మొక్కల్ని చూసి అతను ముఖం తిప్పుకున్నాడు. వచ్చే ఏడు తనూ వేస్తాడేమోనని నా అనుమానం.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక నూజివీడు కృష్ణాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. పండుకి ఆ సంగతి తెలియదు.

తోటలోకి దిగగానే కనపడింది గుడిసె. గుడిసె అనడం కూడా కాస్త ఎక్కువే. నాలుగు సర్వీ గుంజలు, పైన నీలం టార్పాలిన్, ఒక పక్కన తాటాకు దడి. లోపల నులకమంచం ఒకటి. గుంజకి కొట్టిన మేకుకి ఒక గుడ్డసంచి, దాంట్లో ఆధార్ కార్డులు, పెన్షన్ పుస్తకం, బీపీ మాత్రల అట్ట. బయట మూడు రాళ్ల పొయ్యి. పక్కనే కోతుల్ని తోలడానికి పగిలిన రేకు డబ్బా, కర్ర. కాపలా కాసేది డెబ్బై దాటిన భార్యాభర్తలు. గుత్త తీసుకున్న వ్యాపారి పిందె కట్టినప్పుడు తెచ్చి పెట్టాడు. కోత అయిపోయేదాకా ఇక్కడే ఉంటారు. కూలి తక్కువే, గూడు మాత్రం ఉచితం.

ముసలాయన చిక్కం కర్రకి వల కుట్టుకుంటున్నాడు. ఆవిడ రాలిన కాయలు ఏరి, దెబ్బ తగిలినవి పచ్చడికి, తగలనివి ఎండుగడ్డిలో మగ్గేయడానికి వేరు చేస్తోంది. మా కోసం నాలుగు రసాలు తీసి, గడ్డి దులిపి, కొంగుతో తుడిచి ఇచ్చింది. చిన్న రసాన్ని కోసి తినడం అంటే దాన్ని అవమానించడమే. మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు పెట్టి, మొదటి చుక్క సొన పిండి పారేసి, అప్పుడు నోట్లో పెట్టుకోవాలి. మోచేతి దాకా కారుతుంటే నేను ఆవిడ వేళ్ల వంక చూశాను. కొసలు నల్లగా, నున్నగా ఉన్నాయి. చర్మం మీద గీతలు లేవు.

“సొన కాల్చేసింది బాబూ. అందుకే ఏలిముద్ర పడదు. మొకం ఫోటో తీసి ఇస్తారు డబ్బులు” అంది.

తర్వాత మొగుడి వైపు తిరిగి, “సాయంత్రం బస్సుకి పోవాల. రేపు ఒకటో తారీకు” అని గుర్తు చేసింది.

ఎక్కడికి అని అడిగాను. చాట్రాయి వైపు ఒక ఊరి పేరు చెప్పింది. సొంతూరే. అక్కడ ఇల్లు ఉందా అంటే లేదు. మట్టిగోడల ఇల్లు రెండు వానాకాలాల కిందట కూలింది. ఊరి బయట కాలనీలో సెంటున్నర పట్టా వచ్చింది. పునాది లేచింది, గోడలు లేవలేదు. సర్కారు ఇచ్చేది పోను చేతి డబ్బు పెట్టుకోవాలి, చేతిలో ఉన్నది కూతురి వైద్యానికి పోయింది. ఇప్పుడు ఊళ్లో మిగిలింది మేనకోడలి ఇంటి అరుగు. పెన్షన్ ఆవిడ పేరున ఉంది. సచివాలయం ఉద్యోగి ఒకటో తేదీ పొద్దున ఇంటింటికీ తిరుగుతాడు. ఆ వేళకి ఆవిడ ఆ అరుగు మీద ఉండాలి. వరుసగా నెలలు తప్పితే పేరు పోతుందని భయం. అందుకని ప్రతి నెలా ఆఖరి రోజు సాయంత్రం బస్సెక్కుతుంది. ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి దారి ఖర్చు లేదు. ఆ రాత్రి ఆవిడ అరుగు మీద, ఆయన తోటలో ఒంటరిగా.

ఇంటికి తెచ్చిచ్చే పెన్షన్ అందుకోవడానికి, ఇల్లు లేని ఊరికి బస్సెక్కడం. నేను ఈ మాట మనసులో రెండుసార్లు అనుకున్నాను. మొదటిసారి నవ్వొచ్చింది.

ఇక్కడ నా గొడవ కొంచెం చెప్పాలి. నిలువనీడ లేనివాళ్లకి, మతి చెదిరిపోయినవాళ్లకి, ఒంటరి వృద్ధులకి ఇల్లు ఎలా ఇవ్వాలనే దాని మీద వచ్చే పరిశోధనలు కొన్నేళ్లుగా చదువుతున్నాను. సపోర్టివ్ హౌసింగ్ అంటారు. తెలుగులో ఏమనాలో తేల్చుకోలేదు. మనం ఎప్పుడూ కూడు, గూడు, గుడ్డ అని మూడే లెక్కపెట్టాం. వీళ్లు లెక్కపెడుతున్న నాలుగోది తోడు. కాబట్టి నేను ‘తోడున్న గూడు’ అనుకుంటాను.

ఈ చదువులో పెద్ద మలుపు 1992లో న్యూయార్క్‌లో వచ్చింది. శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త అప్పటిదాకా ఉన్న వరసని తిరగేశాడు. అంతకు ముందు పద్ధతి మెట్లెక్కడం: తాగుడు మాను, మందులు వేసుకో, బుద్ధిగా ఉన్నావని నిరూపించుకో, అప్పుడు ఇల్లిస్తాం. ఆయన ముందు ఇల్లిచ్చేసి, మిగతావి ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. హౌసింగ్ ఫస్ట్ అన్న పేరు అలా నిలిచింది. కెనడా ప్రభుత్వం దీన్ని 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో, రెండు వేల మందికి పైగా మనుషులతో పరీక్షించి చూసింది. ముందు ఇల్లు ఇచ్చినవాళ్లు ఇంట్లో నిలబడ్డారు, మళ్లీ వీధిన పడింది తక్కువ. ఇందులో తిరుగులేదు. జబ్బులు, వ్యసనాల దగ్గరికొచ్చేసరికి మాత్రం వీళ్లకీ, మామూలు సేవలు అందినవాళ్లకీ తేడా అంత కనపడలేదు. అంటే గూడు గూడు పని చేసింది, తోడు పని అది చేయలేదు. ఇప్పుడు పరిశోధకులు తల పట్టుకుంటున్నది ఇక్కడే: ఎంత తోడు, ఎవరి తోడు, ఎన్నాళ్లు?

మనకి దగ్గర్లో చూడదగ్గది చెన్నైలో ఉంది. వందన గోపికుమార్, వైష్ణవి జయకుమార్ 1993లో మొదలుపెట్టిన బాన్యన్ సంస్థ, రోడ్ల మీద తిరిగే మతిస్థిమితం లేని ఆడవాళ్లని చేరదీసి వైద్యం చేయించేది. జబ్బు నయమైనా కొందరిని తీసుకెళ్లేవాళ్లు రారు. ఏళ్ల తరబడి వార్డులోనే ఉండిపోయేవాళ్లు. 2015లో ‘హోమ్ ఎగైన్’ అని మొదలుపెట్టారు. మామూలు వీధిలో మామూలు అద్దె ఇల్లు, నలుగురైదుగురు కలిసి ఉంటారు, సాయానికి ఒక మనిషి. కూరలు వాళ్లే తెచ్చుకుంటారు, పొరుగింటి పేరంటానికి వెళ్తారు. వార్డులో ఉండిపోయినవాళ్లతో వీళ్లని ఏడాదిన్నర పాటు పోల్చి చూశారు. నలుగురిలో కలిసిపోవడంలో వీళ్లు బాగా ముందున్నారు. తర్వాత ఇది కేరళకీ, మహారాష్ట్రకీ వెళ్లింది.

దేశంలోని 43 ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉన్నవాళ్లలో నూటికి 36 మందికి పైగా ఏడాది, అంతకు మించి అక్కడే ఉంటున్నారని 2019లో ది హన్స్ ఫౌండేషన్ వేసిన నివేదిక చెప్పింది. ఇంట్లోవాళ్లు రానివ్వలేదనో, ఇల్లే లేదనో ఎవర్నీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ అంటుంది. చట్టం అంత మంచి మాట అన్నాక కూడా, హనుమాన్ జంక్షన్ బస్టాండులో మూట నెత్తిన పెట్టుకుని బస్సులకి దారి చూపిస్తూ నిలబడ్డ మనిషిని నేను వచ్చిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. డ్రైవర్లు అతనికి టీ ఇప్పిస్తారు. అతనికి ఉన్న తోడంతా అదే.

వృద్ధుల సంగతికి వస్తే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చంటుంది. పరిశోధన ఐదుగురి ఇంటి వైపు నడుస్తోంది, చట్టం నూటయాభై మంచాల దగ్గర ఆగింది. ఈ తేడా నాకు కాగితం మీది తేడాలా కనపడదు. కారణం మా పిన్ని.

పిల్లలు లేని మా పిన్నిని ఆఖరి రెండేళ్లు ఒక హోమ్‌లో పెట్టాం. శుభ్రమైన చోటే. వేళకి భోజనం, వారానికోసారి డాక్టరు. ఆవిడకి తెల్లవారుజామున నాలుగింటికి కాఫీ తాగడం యాభై ఏళ్ల అలవాటు. అక్కడ కాఫీ ఆరున్నరకి. అప్పటిదాకా వంటగదికి తాళం. ఒకసారి అడిగిందట, “మీ ఒక్కరికోసం తీస్తే అందరూ అడుగుతారు” అన్నారట. అదీ నిజమే. రాత్రి భోజనం దగ్గర ఇచ్చే పాలు ఫ్లాస్కులో దాచుకుని, నాలుగింటికి లేచి, చీకట్లో మంచం మీద కూర్చుని తాగేదట. ఈ సంగతి ఆవిడ పోయాక సామాన్లు సర్దుతుంటే పక్క మంచం ఆవిడ చెప్పింది. నెలనెలా డబ్బు కట్టినవాళ్లం, వెళ్లినప్పుడల్లా బత్తాయిలు తీసుకెళ్లినవాళ్లం, ఒక్కసారీ ‘కాఫీ ఎన్నింటికి తాగుతున్నావు పిన్నీ’ అని అడగలేదు. ఇప్పుడు ఏ అధ్యయనం తిరగేసినా నేను వెతికేది ఒక్కటే: వంటగది తాళంచెవి ఎవరి దగ్గరుంది?

తోట నుంచి మిత్రుడు నన్ను వాళ్ల మేనత్త ఇంటికి తీసుకెళ్లాడు. రెండంతస్తుల మేడ, గ్రానైటు మెట్లు, గేటుకి రెండు సింహాలు. కృష్ణా, గోదావరి ఊళ్లలో తిరిగినవాళ్లకి ఈ ఇల్లు నేను వర్ణించక్కర్లేదు. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో. ఆవిడకి ఎనభై మూడు. పై అంతస్తు గదులన్నిటికీ తాళాలు, వెనక పెరట్లో పనివాళ్ల కోసం కట్టిన రెండు గదులకీ తాళాలే. హాల్లో, వసారాలో, గేటు దగ్గర కెమెరాలు.

“ఏం అత్తయ్యా, ఎలా ఉన్నావు?” అన్నాడు వీడు.

“నన్నడుగుతావేంరా, మీ బావనడుగు. ఫోన్లో చూస్తూనే ఉంటాడుగా.”

తర్వాత నవ్వుతూ నాతో చెప్పింది. మొన్న సంక్రాంతి తర్వాత స్నానాల గదిలో జారిపడిందట. అక్కడ కెమెరా పెట్టరు కదా. పాలవాడు వచ్చి పిలిస్తే పలకలేదని గోడ దూకి లోపలికొచ్చాడు. “వాడు దూకడం మాత్రం మా వాడికి అమెరికాలో కనపడిందండీ. దొంగేమోనని వెంటనే ఫోన్ చేశాడు. ఆ ఫోనే మోగుతుంటే విని పాలవాడు నేనెక్కడున్నానో కనుక్కున్నాడు.”

2021 నాటికే మన రాష్ట్రంలో నూటికి 12 మందికి పైగా అరవై దాటినవాళ్లని కేంద్ర గణాంకశాఖ అంచనా. కేరళ, తమిళనాడు, హిమాచల్, పంజాబ్‌ల తర్వాత మనమే. పెద్దవయసువాళ్ల గురించి దేశం మొత్తం మీద తీసిన లాసీ సర్వే మొదటి విడతలో (2017-18) అరవై దాటినవాళ్లలో నూటికి దాదాపు ఆరుగురు పూర్తిగా ఒంటరిగా ఉంటున్నట్టు తేలింది. ఆ ఆరుగురిలో ఈవిడా ఉంటుంది. ముసలి దంపతులు ఆ లెక్కలోకి రారు, నెలలో ఆఖరి రాత్రి తప్ప.

బయటికొచ్చాక మిత్రుడితో అన్నాను: ఇక్కడ రెండు గదులు తాళాలేసి ఉన్నాయి, రెండు కిలోమీటర్ల అవతల ఇద్దరు టార్పాలిన్ కింద పడుకుంటున్నారు. ఆవిడకి రాత్రిపూట పిలిస్తే పలికే మనిషి కావాలి, వీళ్లకి కప్పు కావాలి. విదేశాల్లో హోమ్‌షేర్ అని ఇలాంటివి నడుపుతున్నారు, మధ్యన ఒక సంస్థ ఉండి ఇద్దరికీ కుదురుస్తుంది, ఒప్పందం రాయిస్తుంది, నెలకోసారి వచ్చి చూసిపోతుంది.

వాడు నన్ను జాలిగా చూశాడు. “బానే ఉంది. మా అత్తయ్య మొదట అడిగేదేంటో తెలుసా? ‘ఏమిట్లు?’ అని. ఆ తర్వాత మా బావ అడుగుతాడు, ‘ఖాళీ చేయకపోతే?’ అని.”

నాకు జవాబు లేదు. ఆ ముసలివాళ్లు ఏమిట్లో నాకు తెలియదు, వాడికి తెలుసని వాడి గొంతులోనే తెలిసింది. నేను చదివిన విదేశీ అధ్యయనాల పట్టికల్లో వయసు, ఆదాయం, జబ్బు, తాగుడు అన్నిటికీ గడులున్నాయి, ఈ ప్రశ్నకి గడి లేదు. మన పల్లెలో తోడున్న గూడు కట్టాలంటే మొదటి ఇటుక దగ్గరే ఇది అడ్డం పడుతుంది. ఊరి బయట కాలనీ వేసి తలా సెంటున్నర ఇవ్వడం తేలికగా కనపడటానికి ఒక కారణం ఇదే కావచ్చు. అక్కడైతే ఎవరూ ఎవరి పెరట్లోకీ రానక్కర్లేదు.

అయినా ఒక సంగతి నన్ను వదల్లేదు. ఇలాంటి పథకానికి మనిషిని గుమ్మం దాకా పంపించడానికి ఖర్చూ ఉంటుంది, తిప్పలూ ఉంటాయి. మన దగ్గర ఆ మనిషి ఉన్నాడు. 2019లో సచివాలయాలు వచ్చాయి, ప్రభుత్వం మారినా ఇంటికి పెన్షన్ చేర్చే పద్ధతి ఆగలేదు. 2024 జులై నుంచి వృద్ధులకి నెలకి 4,000 రూపాయలు, పూర్తిగా మంచానపడ్డవాళ్లకి 15,000. అరవై లక్షలకు పైగా గుమ్మాలు, ఒక్క పొద్దున. ఆ ఉద్యోగి వేలిముద్ర అడుగుతాడు, పడకపోతే ముఖం ఫోటో తీస్తాడు, డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు, పక్కింటికి వెళ్తాడు. అతన్ని తప్పుపట్టను, మధ్యాహ్నానికి అన్ని గుమ్మాలూ తిరగాలి. అతని ఫోన్లో ఇంకో ప్రశ్న చేర్చమని అడుగుతున్నాను. ‘రాత్రి ఎక్కడ పడుకుంటున్నావమ్మా?’ ఆ జవాబు పట్టుకుని వారంలోగా ఏఎన్‌ఎమ్మో, వెల్ఫేర్ అసిస్టెంటో మళ్లీ ఒకసారి రావాలి. పునాది మీద ఆగిపోయిన ఇల్లు ఎక్కడుందో, తోటలో కాపలా ఉన్నది ఎవరో, పడిపోతే గోడ దూకేవాడు లేని మేడ ఏదో అప్పుడు తెలుస్తుంది. గోడలు తర్వాత లేపవచ్చు. ఈ లెక్క కేంద్రంలో ఎవరూ తీయరు, మనమే తీయాలి.

సాయంత్రం తిరుగు దారిలో ఆవిడని బస్టాపులో దించాం. చేతిలో ఒక సంచి, లోపల మేనకోడలి పిల్లలకి రసాలు. “ఉత్త చేతుల్తో ఎట్టా పోతాను, వాళ్ల అరుగు మీద పడుకునేదాన్ని” అంది. బస్సొచ్చింది. ఆవిడ ఎక్కేటప్పుడు కండక్టరు సంచి అందుకున్నాడు.

జూన్ మూడో వారంలో మిత్రుడు ఫోన్ చేశాడు. కోత అయిపోయింది, రేటు మొదట్లో ఉన్నంత లేదు, గుత్త డబ్బు ఇంకా కొంత రావాలి. గుడిసె సంగతి నేనే అడిగాను. టార్పాలిన్ వ్యాపారిది కాబట్టి తీసుకెళ్లాడు. ముసలాయన జంక్షన్ దగ్గర ఒక లారీ షెడ్డులో కాపలాకి చేరాడు, అక్కడ ఆడమనిషిని ఉండనివ్వరు. ఆవిడ మేనకోడలి అరుగు మీదే ఉంది. డిసెంబర్లో పూత చూసి మళ్లీ వస్తామన్నారట.

జులై ఒకటిన పెన్షన్ అందింది.